నాయనమ్మ గురించి రెండు పేజీలు రాయమన్నారు, ఏం రాయాలి?

ఎర్రమట్టి, కాజీపేట

అందరికీ వందనాలు. పోయిన నెల మా నాయనమ్మ ప్రభువునందు నిద్రించింది. మాది డోర్నకల్ పక్కన పల్లె. చివరి కొన్నేళ్లు కాజీపేటలో మా దగ్గరే ఉంది గానీ, మట్టి మాత్రం ఊళ్లోనే కావాలన్నది. అట్లనే చేశాం. వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. ఆమె జీవితం గురించి రెండు పేజీలు రాసి చదవమని మా పాస్టరు అయ్యగారు నాకు అప్పజెప్పారు. ఇంట్లో చదువుకున్నోడివి నువ్వే కదా అని అందరూ నా మీదికే తోశారు.

ఇట్లాంటివి మా గుళ్లో చాలా విన్నాను. 'ఫలానా తేదీన జన్మించి, ఫలానా ఏట బాప్తిస్మం పొంది, భక్తిగల తల్లిగా, ప్రార్థనాపరురాలిగా జీవించి...' పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. అట్ల రాయబుద్ధి కావట్లేదు. పైగా ఆ ఫలానా తేదీలు కూడా నా దగ్గర లేవు. ఆధార్‌లో 01-01-1940 అని ఉంది. ఊళ్లో ఆమె ఈడు వాళ్లందరూ జనవరి ఒకటో తారీఖునే పుట్టారు, ఆధార్ ప్రకారం.

సమాధి రాయికి కూడా సంవత్సరం కావాలి. చెక్కే మేస్త్రీ రోజూ ఫోన్ చేస్తున్నాడు. మీ ఇళ్లల్లో ఎట్ల చేశారు?

జపమాల, ఫాతిమానగర్

తమ్ముడూ, ఆమె ఆత్మకు శాంతి కలగాలి. మేం క్యాథలిక్కులం, మాలో పూజ అయ్యాక రెండు మాటలు మాట్లాడతారు, అంతే. మా అమ్మమ్మ పోయినప్పుడు నేనే మాట్లాడాను. 'భక్తిపరురాలు' అన్న మాట నోట్లోంచి రాకూడదని ముందే అనుకున్నా. ఆమె మెడలోని జపమాల పూసలు ఎట్లా అరిగిపోయాయో చెప్పాను. ఒక్కో పూస నునుపు తేలి, రంగు పోయి, దారం మూడుసార్లు మార్చినా పూసలు మాత్రం అవే. ఫిబ్రవరిలో ఫాతిమామాత ఉత్సవాలకు ఇటు జనగామ నుంచి, అటు పరకాల నుంచి వచ్చిన చుట్టాలు మా ఇంట్లో వరుసగా పడుకునేవాళ్లు. వాళ్లందరికీ తెల్లవారుజామున నీళ్లు కాచింది ఎవరని అడిగాను. గుళ్లో సగం మంది తలలు వంచుకున్నారు. ఆ నీళ్లు పోసుకున్నది వాళ్లే మరి!

పుట్టిన ఏడు సంగతికొస్తే, మా అమ్మమ్మ ఏది అడిగినా 'వరంగల్ మేత్రాసనం అయిన ఏడే నా పెండ్లి' అనేది. మేత్రాసనం అంటే ఒక బిషప్పు కింద ఉండే సంఘాలన్నీ. అది 1952. దాంట్లోంచి వెనక్కి లెక్క వేసుకున్నాం. మీ నాయనమ్మ కూడా దేనికో ఒకదానికి ముడిపెట్టి చెప్పే ఉంటుంది, గుర్తు తెచ్చుకో.

పాతకాగితాలు, హన్మకొండ

అక్క సరిగ్గా చెప్పారు. ఆ తరం వాళ్లకు తారీఖులు ఉండవు, సంఘటనలు ఉంటాయి. కరువులు, వరదలు, రజాకార్లు, పోలీస్ యాక్షన్, గుడి ప్రతిష్ఠలు. మీ నాయనమ్మ నోట విన్నవి ఏవున్నా ఇక్కడ రాయండి. చిన్నదే అయినా ఫర్వాలేదు.

ఎర్రమట్టి

రెండు గుర్తున్నాయి సార్.

ఒకటి, 'డోర్నకల్ పెద్ద గుడి తెరిచిననాడు మా అమ్మ నన్ను సంకనేసుకొని పోయింది. నాకప్పటికి రెండే పండ్లు. బిషప్పు దొర పక్కకు వస్తే ఆయన అంగీ పట్టి గుంజిన్నట' అని నవ్వేది. ఎండకాలంలో పుట్టిన్నని కూడా వాళ్లమ్మ చెప్పేదట.

రెండోది, పోలీస్ యాక్షన్ నాటికి తను గొడ్లు కాసేదాన్నని.

ఇంకోటి. ఇది తారీఖుకు పనికిరాదు గానీ రాస్తున్నా. ఏదైనా గట్టిగా చెప్పాలంటే తన చెయ్యి తన నెత్తి మీదే పెట్టుకునేది. ఒట్టు పెట్టుకునేవాళ్లు పిల్లల నెత్తి మీద చెయ్యి పెడతారు కదా, ఈమె తన నెత్తి మీదే. అట్లా పెట్టుకుందంటే ఇక ఇంట్లో ఎవ్వరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు.

పాతకాగితాలు

మీరు చెప్పిన మొదటిదే చాలు. డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న, తూర్పు జ్ఞానులను తలుచుకునే పండుగ నాడు. రెండే పళ్లంటే బిడ్డకు ఏడెనిమిది నెలలు ఉంటాయి. ఎండాకాలంలో పుట్టిందంటున్నారు. అంటే 1938 ఎండాకాలం. పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబరు, అప్పటికి పదేళ్లు. గొడ్లు కాసే ఈడే. రెండూ కలుస్తున్నాయి. ఆధార్ ఏం చెప్పినా నేనైతే రాయి మీద 1938 అనే చెక్కిస్తాను.

ఆ బిషప్పు 'దొర' తెల్లదొర కాదండీ. వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తమిళనాడు తిరునెల్వేలి వైపు మనిషి. 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చారు, 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి. ఆ గుడి చూసినవాళ్లకు తెలుసు, స్తంభాలు మన గుళ్ల స్తంభాల్లా, గుమ్మటాలు మసీదు గుమ్మటాల్లా ఉంటాయి. కావాలనే అట్లా కట్టించారు. 1945 జనవరి 1న చనిపోతే అక్కడే సమాధి చేశారు.

నెత్తి మీద చెయ్యి సంగతి వినగానే నాకు ఒళ్లు పులకరించింది. అజరయ్య గారు బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల చేతులు వాళ్ల నెత్తి మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ, అంటే కీడు, అని పలికించేవారు. బైబిల్లో పౌలు కొరింథు సంఘానికి రాసిన మాట అది. మీ నాయనమ్మ తల్లిదండ్రులు ఆ చేతుల మీదుగానే బాప్తిస్మం పొందారేమో. ఇంట్లో చూసి నేర్చుకున్న అలవాటు కావచ్చు. రుజువు లేదు, కానీ నాకలాగే అనిపిస్తోంది.

ఎర్రమట్టి

సార్, ఇది మా నాన్నకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, లేచి బయటికి వెళ్లిపోయాడు. మేస్త్రీకి 1938 అని చెప్పేశాను.

మెతుకుసీమ, మెదక్

మా ముత్తవ్వ కథ కూడా కలపండి. మెదక్ గుడికి రాళ్లు మోసిన మనిషి. కరువు రోజులు. పోస్నెట్ దొర, అంటే చార్లెస్ వాకర్ పోస్నెట్, తిండి లేక వచ్చినవాళ్లకు ఊరికే పెట్టకుండా పని ఇచ్చి గింజలు ఇచ్చేవాడట. 1914లో మొదలైన పని 1924 క్రిస్మస్ నాటికి పూర్తయింది. ముత్తవ్వ నెత్తి మీద సున్నపు తట్ట, చంకలో మా తాత. సాయంత్రం కొంగులో గింజలు పోయించుకొని ఇంటికి నడిచేది.

ఇప్పుడు క్రిస్మస్‌కు అక్కడ జనం చూస్తారు కదా, కాలు పెట్టే సందు ఉండదు. మావాళ్లు ఇంకా ఆ 175 అడుగుల గోపురం చూపించి, 'అగో, ఆ రాయి మా అవ్వ మోసిందే' అంటారు. ఏ రాయి అని మాత్రం ఎవ్వరూ చెప్పలేరు. తలా ఒక రాయి చూపిస్తారు.

బాయిపని, గోదావరిఖని

మా బాపమ్మది చిన్న ముచ్చట. తాత బొగ్గుబాయిల రాత్రి షిఫ్టుకు దిగిండంటే ఆమె పండుకునేది కాదు. తెల్లారి సైరన్ మోగేదాంక చాప మీద కూసునేది. తాత రిటైరైనంక కూడా ఆ అలవాటు పోలే. 'ఇప్పుడెవల కోసమే' అని తాత అడిగితే 'నువ్వు ఒక్కడివేనా దిగెటోడివి?' అన్నది. గింతే.

ఎర్రమట్టి

అందరివీ చదువుతుంటే నాకూ ఒక్కొక్కటి గుర్తొస్తున్నాయి. గురిగి గురించి రాస్తా.

మా ఇంట్లో పొయ్యి పక్కన గూట్లో చిన్న మట్టి గురిగి ఉండేది. రెండు పూటలా బియ్యం కొలిచి చాటలో పోశాక, కడగకముందే, నాయనమ్మ ఒక పిడికెడు తీసి ఆ గురిగిలో వేసేది. వేసేటప్పుడు పెదవులు కదిలేవి. ఏం అనేదో ఎప్పుడూ వినిపించలేదు. శనివారం రాత్రి దాన్ని గుడ్డ సంచిలోకి వంచి, గురిగి అడుగున చేత్తో తడిమి, అంటుకున్న గింజలు కూడా రాల్చేది. ఆదివారం అది గుడికి పోయేది. మా దిక్కు సంఘాల్లో పిడికెడు బియ్యం అంటే తెలియనివాళ్లు లేరు. డబ్బు చేతికి రాని ఆడవాళ్లు కూడా కానుక ఇవ్వగలిగింది దానివల్లే.

ఒక ఏడు మిరప తోటలకు తెగులు తగిలి ఊళ్లో కూలి పనే లేదు. ఇంట్లో బియ్యం అయిపోయి మక్క గటక వండుతున్నారు. అప్పుడు కూడా పిడికెడు మక్కరవ్వ తీసి గురిగిలో వేసింది. నేను చిన్నోణ్ని, ఆకలి మీద ఉన్నా. 'మనకే లేదు గదనే నాయనమ్మా' అన్నా. 'ముందుగాల దేవునిది తీస్తే మిగిలింది మనది బిడ్డా. మిగిలినంక తీద్దమంటే ఏనాడు మిగలది' అన్నది. కోపంగా కాదు, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, కూర గురించి చెప్పినట్టు చెప్పింది.

ఇంత చెప్పాను గదా అని ఆమెను మరీ సాధుజీవి అనుకోకండి. కోత పండుగకు ఒక పెట్టను గుళ్లో అర్పించింది. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు కదా, గుమ్మడికాయలు, చిక్కుళ్లు, కోళ్లు. తన పెట్ట వంతు వచ్చేసరికి తనే పాట మొదలుపెట్టింది. ఇంకెవరో పెంచితే ఇంకా పెంచింది. చివరికి బజారు ధర కన్నా ఎక్కువకు కొని చంకలో పెట్టుకొని ఇంటికొచ్చింది. 'ఇచ్చినదాన్ని మళ్లీ తెచ్చుకుంటవా' అని మా తాత ఎగతాళి చేస్తే, 'ఇచ్చింది దేవునికి, కొన్నది గుడ్లకు' అన్నది. ఆ పెట్ట ఆ ఏడంతా గుడ్లు పెట్టింది.

మూడోకోడలు, నర్సంపేట

హహ, పెట్ట కథ అదిరింది. ఇది కూడా గుళ్లో చదవాలి మీరు, జనం నవ్వితే నవ్వనీ.

నాది కోడలి వైపు మాట. మా అత్తమ్మ కూడా గొప్ప ప్రార్థనాపరురాలే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గట్టిగా ప్రార్థన చేసేది, ఇంటిల్లిపాదికీ వినబడేలా. 'ప్రభువా, నా మూడో కోడలికి పొద్దున్నే లేచే మనసు ఇయ్యి తండ్రీ. కూరలో ఉప్పు తక్కువ వేసే తెలివి ఇయ్యి తండ్రీ.' నేను దుప్పటి కప్పుకొని వింటూ ఉండేదాన్ని. మొహం మీద అంటే పోట్లాడొచ్చు, దేవునితో చెప్తుంటే ఏం చేస్తాం! ఒకరోజు నేనూ లేచి పక్కగదిలో కూర్చొని, 'ప్రభువా, మా అత్తమ్మకు చెవులు కాస్త బాగా వినబడేటట్టు చేయి తండ్రీ, టీవీ సౌండు తగ్గుతది' అని మొదలుపెట్టా. అటు పక్క నుంచి ఒక్క నిమిషం చప్పుడు లేదు. తరువాత నవ్వు. అప్పటి నుంచి మా ఇద్దరికీ బాగా కుదిరింది. మంచం పట్టాక స్నానం నా చేతనే చేయించుకునేది, కన్నకూతుళ్ల చేత కూడా చేయించుకోలేదు.

సాక్ష్యం, మహబూబాబాద్

సహోదరులకు వందనాలు. అందరి అనుభవాలూ చదివాను. ఒక్క మాట చెప్పాలనిపించి రాస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు. జ్ఞాపకార్థ కూడికలో మనుషులను పొగడకూడదు, మహిమ దేవునికే చెందాలి. కోడిపెట్టలు, అత్తాకోడళ్ల ముచ్చట్లు ఆరాధనలో చదివితే వచ్చినవాళ్లకు ఏం ఆత్మీయ మేలు కలుగుతుంది? ఆమె ఎప్పుడు రక్షణ పొందింది, ఎంతమందిని ప్రభువు వైపు నడిపించింది, అవి రాయండి.

పక్కింటిపిల్ల, హన్మకొండ

నమస్తే. మేం హిందువులం, మీ చర్చలోకి దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పక్కింటి అవ్వ గురించి చెప్పాలనిపించింది.

ఆమె ఇంటి వెనక చిన్న జాగా, అందులో తంగేడు, గునుగు, బంతి. ఏటా బతుకమ్మకు మా అమ్మ బుట్ట పట్టుకొని పోతే తనే కొడవలితో కోసి నింపి ఇచ్చేది. ఎన్నడూ బతుకమ్మ ఆడలేదు, మేం పిలవలేదు కూడా. అడిగి ఇబ్బంది పెట్టొద్దని మా అమ్మ అనేది. క్రిస్మస్‌కు మాకు అరిసెలు వచ్చేవి, సంక్రాంతికి మా సకినాలు అటు పోయేవి. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు దవాఖానాలో రాత్రిళ్లు పక్కన కూర్చున్నది ఆ అవ్వే. మా సొంత పిన్నులు పగలు వచ్చి పండ్లు ఇచ్చి పోయారు. రాత్రి ప్రార్థన చేసుకుంటానని ముందే మా అమ్మను అడిగింది, 'నీకు ఇబ్బంది లేదు కదా బిడ్డా' అని.

నాకు బైబిల్ తెలియదు. నేను చూసిన క్రైస్తవం ఆ అవ్వే.

సాక్ష్యం

అమ్మా, ఆమె మంచితనాన్ని కాదనట్లేదు. కానీ విగ్రహారాధనకు పూలు కోసి ఇవ్వడం వాక్యానుసారం కాదు. అలాంటివి గుళ్లో చదివితే బలహీనులు తొట్రిల్లుతారు.

జపమాల

పూలు పెరట్లో పెరిగాయి సారూ, వాక్యంలో కాదు. పక్కింటి పిల్ల వచ్చి అడిగితే లేదనమంటారా?

మూడోకోడలు

అడిగింది పక్కింటామె, ఇచ్చింది అవ్వ. మధ్యలో మనకెందుకు బాధ?

నిర్వాహకుడు

ఇక్కడ ఆగుదాం. బతుకమ్మ మీద, క్యాథలిక్కుల మీద వాదనలకు వేరే విభాగం ఉంది. ఈ వరుస ఎర్రమట్టి గారి నాయనమ్మ కోసం. సాక్ష్యం గారూ, మీ అభిప్రాయం చెప్పారు, చాలు.

ఎర్రమట్టి

నిర్వాహకులకు ధన్యవాదాలు. సాక్ష్యం అన్నా, మీ మాట కొట్టిపారేయట్లేదు. మా నాయనమ్మ ఈ విషయంలో మీ పక్షమే. మేడారం జాతర నుంచి పక్కింటివాళ్లు బెల్లం తెచ్చి ఇస్తే, అదే వాళ్లు బంగారం అంటారు కదా, చేతులు జోడించి వద్దనేది. పిల్లల్ని కూడా తిననిచ్చేది కాదు. మాకు ఏడుపొచ్చేది. కానీ వాళ్లు ఎడ్లబండ్లు కట్టుకొని జాతరకు పోతే, వచ్చేదాకా వాళ్ల బర్లకు గడ్డి వేసి, పాలు పిండి, వాళ్ల ముసలామెకు అన్నం పెట్టేది ఈమే. తాళంచెవి మా ఇంట్లోనే ఇచ్చి పోయేవాళ్లు. బెల్లం తిననిది మా తాళంచెవి ఎందుకు పట్టుకోవాలని వాళ్లూ అనుకోలేదు, వాళ్ల బర్లకు నేనెందుకు గడ్డి వేయాలని ఈమె కూడా అనుకోలేదు.

సాక్ష్యం

ఇది రాయండి తమ్ముడూ. ఇది తప్పకుండా చదవండి.

గాంధారి, నిజామాబాద్

ఆలస్యంగా చూశాను. మా అమ్మమ్మ డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఆయా. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ పెట్టిన ఆసుపత్రి అది, 1915 నాటిది. డబ్బు ఇచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. మొదట్లో మందంటే చాల్మోగ్రా నూనె ఇంజెక్షన్లే, చాలా నొప్పి పుట్టేవట. అమ్మమ్మ చేరేనాటికి డాప్సోన్ మాత్రలు వచ్చాయి.

ఆ జబ్బులో స్పర్శ పోతుంది. కాలికి ముల్లు దిగినా, నిప్పు తగిలినా తెలియదు. అందుకే ఆమె పని రోజూ రోగుల అరికాళ్లు చూడడం. నీళ్లలో నానబెట్టి, తుడిచి, వేళ్ల సందులు విప్పి, వెలుతురుకు తిప్పి చూసేది. బస్సులో ఎవరూ ఆమె పక్కన కూర్చునేవాళ్లు కాదు, అంటుకుంటుందని భయం. ఆమె కిటికీ దగ్గర కూర్చొని, 'సీటంతా మనదే, కాళ్లు చాపుకో' అని నాతో అనేది.

రిటైరయ్యాక కూడా రాత్రి మేం పడుకున్నాక వచ్చి మా అరికాళ్లు చూసేది. లైటు వేయకుండా బొటనవేలితో తడిమి. మాకు చక్కిలిగింతలు. ఇప్పుడు మా పాపకు నేనూ చూస్తున్నా, ఎందుకో తెలియదు, చెయ్యి దానంతటదే పోతుంది.

పాతకాగితాలు

గాంధారి గారూ, మీరు వేరే వరుస మొదలుపెట్టి ఇంకా రాయాలి. డిచ్‌పల్లి ఆయాల గురించి ఎవరూ రాయలేదు.

ఎర్రమట్టి గారూ, ఒక సలహా. మీ నాయనమ్మ బైబిల్ ఇంట్లో ఉంటే వెనక ఖాళీ పేజీలు చూడండి. చాలా ఇళ్లల్లో కుటుంబ రిజిస్టరు అదే.

ఎర్రమట్టి

సార్, చూశాను. రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాం నేనూ, మా నాన్న, మేనత్త.

పెద్దక్షరాల బైబిల్, అట్ట ఊడిపోతే గోనెసంచి దారంతో కుట్టింది. లోపల పాత కరెంటు బిల్లులు, దవాఖానా చీటీలు, మట్టల ఆదివారం నాటి ఎండిన తాటాకు సిలువలు, నా ఇంటర్ హాల్‌టికెట్ జిరాక్స్. ఆ జిరాక్స్ ఆమె చేతికి ఎట్లా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

వెనక పేజీల్లో రకరకాల చేతిరాతలు. ఆమెకు చదవడం వచ్చు, కీర్తనల పుస్తకం పట్టుకొని పెళ్లయ్యాక నేర్చుకుంది. రాయడం మాత్రం సంతకం వరకే. అందుకే వచ్చిన ప్రతి అయ్యగారి చేతా రాయించుకుంది. మా నాన్న పుట్టుక ఉంది, మేనత్తలది ఉంది. మధ్యలో ఒక పేరు. ఆడపిల్ల, పుట్టిన నెల, పోయిన నెల. నాన్నకు కూడా తెలియదు. మేనత్త మాత్రం 'అమ్మ ఒకసారి చెప్పింది' అని ఊరుకుంది. అదే పేజీ కింద 'షావుకారుకు 40, ముట్టినయి' అని కూడా ఉంది. కాగితం వృథా చేసే మనిషి కాదు.

ఇప్పుడు కొత్త టెన్షన్ ఏమిటంటే పేరు. బైబిల్లో బాప్తిస్మం పేరు ఒకటి ఉంది. రేషన్ కార్డులో, ఆధార్‌లో, పింఛన్ పుస్తకంలో వేరే పేరు. ఊళ్లో పిలిచిందేమో మూడోది. రాయి మీద ఏది చెక్కాలి? చిన్నాయన బాప్తిస్మం పేరే అంటున్నాడు. నాన్న రికార్డు పేరు అంటున్నాడు, రేపు ఏవైనా కాగితాలకు ఇబ్బంది అని.

పాతకాగితాలు

మన ఇళ్లల్లో సగం మందికి రెండు పేర్లు ఉంటాయి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బళ్లో సారు తనకు తోచిన పేరు రాశాడు, పట్వారీ తనకు తోచింది రాశాడు. దీంట్లో కులం సర్టిఫికెట్ గొడవ కూడా ఉంది. 1950 ఎస్సీ ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను కలపలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లు మన దగ్గర బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు కింద వస్తారు. ఒకే ఇంట్లో గుడి పేరు వేరు, బడి పేరు వేరు కావడానికి అదొక పెద్ద కారణం. తప్పెవరిదన్న వాదనలోకి ఇక్కడ పోవద్దు.

సమాధి రాయి ఏ ఆఫీసుకూ పోదు. పింఛన్ రికార్డులకు మరణ ధ్రువీకరణ పత్రం చూస్తారు, రాయి చూడరు. మీ నాన్నగారికి ఆ మాట చెప్పండి.

బాయిపని

రెండు పేర్లూ చెక్కియ్యున్రి అన్నా. మేస్త్రీ అక్షరానికింత అని తీసుకుంటడు, అంతే గద.

ఎర్రమట్టి

రెండూ చెక్కిస్తున్నాం. పైన బాప్తిస్మం పేరు, కింద ఊళ్లో పిలిచిన పేరు. రికార్డు పేరు వదిలేశాం. నాన్న ఒప్పుకున్నాడు. ఆ ఆడపిల్ల పేరు కూడా అడుగున చిన్నగా చెక్కించమని మేనత్త అడిగింది. అదీ చెప్పాను.

రాసిన దాంట్లో కొంత ఇక్కడ పెడుతున్నా, మొహమాటం లేకుండా చెప్పండి.

'మా నాయనమ్మ 1938 ఎండాకాలంలో పుట్టింది. డోర్నకల్ పెద్ద గుడి ప్రతిష్ఠకు తల్లి చంకలో పోయింది. పదేళ్లకే గొడ్లు కాసింది. మిరపకాయలు ఏరింది, నాట్లు వేసింది, రైల్వే కట్ట మీద మట్టి మోసింది. మా తాత గ్యాంగ్‌మన్ ఉద్యోగంలో చేరినప్పుడు మొదటి జీతంలో పదోవంతు దేవునికని తీసి పక్కన పెట్టింది, తాతను అడగలేదు. ఆయన ఆ రోజు అన్నం తినలేదు. మరుసటి నెల ఆయనే తీసి ఇచ్చాడు.

వండిన ప్రతిసారీ పిడికెడు తీసింది. ఆ బియ్యం తిన్నవాళ్లు ఈ గుళ్లో ఉన్నారు. శుక్రవారం ఉపవాసం ఉండి కూడా పొలానికి పోయేది. ఉపవాసమని పని మానేస్తే అది ఉపవాసం కాదు, సెలవు అనేది. కోపం ఎక్కువ. మా పెద్ద చిన్నాయనతో ఒక ఏడాది మాట్లాడలేదు. ఆ ఏడాదంతా ప్రార్థనలో మొదటి పేరు ఆయనదే, ఇది మేమందరం విన్నాం. ఆయన విననట్టు నటించాడు. మా తాత పోయిన రాత్రి శవం పక్కన కూర్చొని, ఏడ్చేవాళ్లను ఏడ్వనిచ్చి, తెల్లారగానే లేచి బర్రెకు నీళ్లు పెట్టింది. ఆమె నడిచిన బాటలో మనమూ నడుద్దాం.'

జపమాల

చాలా బాగుంది తమ్ముడూ. చివరి వాక్యం తీసెయ్యి. బర్రెకు నీళ్ల దగ్గర ఆపు.

మూడోకోడలు

చిన్నాయన ముందే చదువుతావా? ముందుగా ఆయనకు చూపించు, లేకపోతే బగారన్నం దగ్గర గొడవైతది.

సాక్ష్యం

కోపం గురించి రాయడం మంచిదే. బైబిల్ కూడా దావీదు తప్పులు దాచలేదు. పెట్ట కథ ఎందుకు తీసేశావు?

ఎర్రమట్టి

అన్నా, మీరే వద్దన్నారు కదా!

సాక్ష్యం

అప్పటికి మొత్తం చదవలేదు. పెట్టు.

ఎర్రమట్టి

కూడిక అయ్యింది. చివరి వాక్యం తీసేశా, పెట్టను పెట్టా. చిన్నాయనకు ముందే చూపిస్తే 'ఏడాది కాదు, పద్నాలుగు నెలలు' అని దిద్దాడు. అయ్యగారు 23వ కీర్తన మీద చిన్నగా వాక్యం చెప్పారు. పాత కీర్తనల పుస్తకంలోంచి పురుషోత్తమ చౌదరి గారి పాటలు రెండు పాడారు. పుస్తకంలో పైన రాగం, తాళం అచ్చేసి ఉన్నా మా గుళ్లో అందరిదీ ఒకటే రాగం. మేడారం పోయే పక్కింటివాళ్లు మొదటి వరుసలో కూర్చున్నారు. వాళ్లకు అన్నం పెట్టేటప్పుడు మాంసం ముక్కలు ఎక్కువ వేయమని మా అమ్మ రెండుసార్లు చెప్పింది. అందరికీ థాంక్స్, ముఖ్యంగా పాతకాగితాలు సార్‌కు.

జమ్మికుంటరోడ్, హుజూరాబాద్

అన్నా, ఈ వరుస మొత్తం ఒక్క బిగిన చదివిన. మా బాపమ్మవాళ్లు బాప్టిస్టులు, హన్మకొండ మిషన్ కింద బాప్తిస్మం అయిందట. పుట్టిన ఏడు తెల్వదు. ఆమె ఇంకా ఉంది, కానీ ఇప్పుడిప్పుడే మతిమరుపు వస్తున్నది. రిజిస్టరు ఎక్కడ దొరుకుతది?

పాతకాగితాలు

అమెరికన్ బాప్టిస్టులు హన్మకొండకు 1879లోనే వచ్చారు కాబట్టి పాత సంఘమే, రిజిస్టర్లు ఉండే అవకాశం ఉంది. బాప్టిస్టుల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, ఊహ తెలిశాక ముంచి ఇస్తారు. కాబట్టి ఆ తారీఖు దొరికినా పుట్టిన ఏడు అదే అనుకోవద్దు. పెళ్లి రిజిస్టరు దొరికితే ఇంకా మేలు, అందులో వయసు, తండ్రి పేరు రాస్తారు. ఆదివారం తప్ప ఏ రోజైనా వెళ్లి అయ్యగారిని కలవండి, తల్లిగారి ఊరి పేరు ముందే కనుక్కొని పోండి. రిజిస్టరు సంగతి తర్వాతైనా అవుతుంది. ఈ వారమే బాపమ్మ దగ్గర కూర్చొని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, చిన్నప్పుడు ఏం తిన్నారో అడగండి. పుట్టిన ఏడు అడిగితే తెల్వదంటుంది. తిండి అడిగితే ఏ కరువులో ఏం తిన్నారో చెబుతుంది, ఆ కరువు ఏ ఏడాదో మనం చూసుకుందాం.

జమ్మికుంటరోడ్

సరే సార్. రేపే పోత.